పశువుల తొట్టి

చిన్నప్పుడు పండుగ తనంతట తనే మన గుమ్మంలోకి వస్తుంది. పెద్దయ్యాక దాన్ని మనమే మోసుకు రావాలి. సంక్రాంతి అయినా, రంజాను అయినా, మా క్రిస్మస్ అయినా యిందులో తేడా లేదని యింటి పెద్దలందరూ ఒప్పుకుంటారనుకుంటాను. డిసెంబరు నెల ప్రవేశించగానే మా యింట్లో అటక మీది నక్షత్రం కిందికి దిగుతుంది. దాని వైరు యెక్కడ తెగిందో వెదకాలి. పిల్లల బట్టల కోసం దర్జీ చుట్టూ తిరగాలి. గులాబీ పువ్వులు వండే అచ్చు పోయినేడాది యెవరింటికి యెరువు వెళ్ళిందో ఆరా తీయాలి. సంఘం చందా కట్టాలి. అర్ధరాత్రి పాటలు పాడుకుంటూ వచ్చే కుర్రాళ్ళకి టీ కాచి వుంచాలి. తీరా 24వ తేదీ రాత్రికి యింటి యజమానికి మిగిలేవి నడుము నొప్పీ, ఖర్చుల చిట్టానూ!

నేను 34 యేళ్ళు పద్దులు రాసి పించను పుచ్చుకుంటున్నవాణ్ణి. సికిందరాబాదులో కాపురం. పుట్టుకతో క్రైస్తవుణ్ణి. క్రీస్తు పుట్టిన కథలో నేను వేయని వేషం లేదంటే నమ్మండి. యేడో యేట గొల్లవాణ్ణి. పన్నెండో యేట యోసేపుని. కాలేజీ రోజుల్లో బంగారు కాగితం కిరీటం పెట్టుకున్న తూర్పు దేశపు జ్ఞానిని. ఆ తర్వాత పిల్లల చేత నాటకం వేయించేవాణ్ణి. ఆ పైన నాటకానికైన ఖర్చు పాసు చేసే కమిటీ కోశాధికారిని. ప్రమోషను వచ్చినకొద్దీ కథకి దూరంగా జరుగుతూ వచ్చానన్నమాట.

చదువు యెక్కువై భక్తి తగ్గిందేమో అని కొందరు అంటారు. నాకు అలా తోచదు. క్రీస్తు యే తేదీన పుట్టాడో సువార్తల్లో లేదు. డిసెంబరు 25న ఆ పండుగ జరుపుకున్నట్టు మొదటి ఆధారం దొరికేది రోము నగరంలో, అదీ 336వ సంవత్సరానికి. మనం నాటకాల్లో ముగ్గురు జ్ఞానుల్ని నిలబెడతామా, మత్తయి సువార్తలో ముగ్గురని లేదు. కానుకలు మూడు గనక మనుషులూ ముగ్గురే అయివుంటారని తర్వాతి వాళ్ళు లెక్క కట్టారు. తొట్టి పక్కన యెద్దూ గాడిదా నిలబడ్డాయని లూకా రాయలేదు. యివన్నీ నాకు యెప్పుడో తెలుసు. తెలిసినందువల్ల నాకు వచ్చిన నష్టమేమీ లేదు. మామిడిపండు యే జాతిదో తెలిసినంత మాత్రాన తీపి తగ్గుతుందా? నాకు తగిలిన జబ్బు వేరు. రైలు కట్ట పక్కన యేళ్ళ తరబడి కాపురం వున్నవాడికి రైలు కూత వినపడదు చూడండి, అదీ నా సంగతి. ఆ కథ నాకు వినపడటం మానేసింది.

2022 ఆగస్టులో మా ఆవిడ పోయింది. ప్రభువునందు నిద్రించింది అంటారు మావాళ్ళు. ఆ యేటి క్రిస్మస్ తెల్లవారుజామున గుడికి వెళ్ళాను. ఆమె యెప్పుడూ కూర్చునే వరస వదిలి వెనక కూర్చున్నాను. అందరూ పాడారు, నేనూ పాడాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నాకు పుస్తకం చూడనక్కరలేదు. పెదవులు కదిలాయి, రాగం తప్పలేదు, లోపల మాత్రం యేమీ కదలలేదు. దుఃఖం కూడా కదలలేదు. అది చూసి నాకు భయం వేసింది.

అపనమ్మకం అయితే దానితో వాదించవచ్చు. ఒక ప్రశ్న వేస్తుంది, మనం ఒక జవాబు చెప్పుకోవచ్చు. యిది అలాంటిది కాదు. జ్వరం పడి లేచినవాడి నోటికి అన్నం యెలా వుంటుందో అలా వుంది. అన్నంలో లోపం లేదని తెలుసు, వండినవాళ్ళ మీద కోపం లేదు, చవి మాత్రం తెలియదు. 63 యేళ్ళుగా పట్టుకుని నడిచిన చేతికర్ర చేతిలోనే వుండగా దాని బరువు తెలియకుండా పోతే మనిషికి యెలా వుంటుందో ఆలోచించండి. ఆమెను మళ్ళీ చూస్తానన్న ఆశ కూడా ఆ కర్ర మీదే ఆనుకుని వుంది మరి!

తలా ఒక సలహా యిచ్చారు. ప్రార్థన పెంచమన్నారు ఒకరు. పుస్తకాలు యిచ్చారు మరొకరు. మా వీధి కుర్రవాడొకడు, "అంకుల్, పాత నక్షత్రం తీసేసి కొత్తది పెట్టండి, యిల్లే మారిపోతుంది" అన్నాడు. వాడి మాట కాదనలేక యెనిమిది రంగులు మారే నక్షత్రం కొన్నాను. రంగులు మారాయి. నేను మారలేదు.

మరుసటి యేడు, 2023 డిసెంబరులో, మా అమ్మాయి సెలవలకి వచ్చింది. దానితో ఆరేళ్ళ మనవరాలు. ఒకనాటి సాయంకాలం కుటుంబ ప్రార్థనలో లూకా సువార్త రెండో అధ్యాయం చదువుతున్నాను. జనాభా లెక్కలు, ప్రయాణం, సత్రంలో చోటు దొరక్కపోవటం, పసివాణ్ణి పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టటం. అక్కడికి వచ్చేసరికి మనవరాలు ఆపింది.

"తాతయ్యా, తొట్టి అంటే యేమిటి?"

"పశువులకి మేత వేసేదమ్మా."

"అంటే వాటి ప్లేటా?"

"అనుకో."

అది కాసేపు ఆలోచించి, "ప్లేటులో పాపాయిని పడుకోబెట్టారా?" అంది.

వాళ్ళమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను, చదువుతున్నాను, పిల్లలకి నేర్పాను. నా వరకూ తొట్టి అంటే థర్మోకోలు పెట్టె. దానికి మెరుపు కాగితం, చుట్టూ నాలుగు పరకల గడ్డి, లోపల బొమ్మ. అది యెవరిదో భోజనపు పళ్ళెమని నాకు యెన్నడూ తట్టలేదు.

మా కాలనీ వెనక యింకా నాలుగైదు బర్రెలతో పాల వ్యాపారం నడుపుకుంటున్న కుటుంబం ఒకటి వుంది. మర్నాడు పొద్దున్నే పాల గిన్నె చేత పట్టుకుని మనవరాలిని అక్కడికి తీసుకువెళ్ళాను. పాక చూరు కిందికి వుంది. నేను నడుము వంచి లోపలికి వెళ్ళాను. చిన్నది తల యెత్తుకునే వెళ్ళింది. లోపల పేడ వాసన, తవుడు వాసన, పచ్చి గడ్డి వాసన కలిసి కొట్టాయి. తొట్టి సిమెంటుది. అంచులు నాకి నాకి నున్నబడ్డాయి. అడుగున రాత్రి మేత తాలూకు చొప్ప ముక్కలు తడిసి అంటుకుపోయి వున్నాయి. పాలాయన భార్య వాటిని చేత్తో యెత్తి పారబోసి, కొత్త గడ్డి వేస్తోంది. మనవరాలు అరచెయ్యి తొట్టిలో పెట్టి చూసింది.

"తడిగా వుంది తాతయ్యా. చల్లగా వుంది. పాపాయికి చలి వేయదూ?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పాలాయన దగ్గర వుంది. పాలు కొలుస్తూనే, "బర్రె వూపిరి యెచ్చగుంటది బిడ్డా. మా పోరగాడు గూడ చిన్నప్పుడు చలికాలం యీడనే పండెటోడు" అన్నాడు.

నేను కూడా తొట్టిలో చెయ్యి పెట్టాను. యెందుకు పెట్టానో చెప్పలేను. చెయ్యి చల్లబడింది. పక్కన బర్రె ముక్కుపుటాల్లోంచి వెచ్చటి ఆవిరి మణికట్టు మీద తగిలింది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. మా అమ్మాయి పుట్టిన మూడో రోజున నర్సు ఆ పసిగుడ్డుని నా చేతుల్లో పెట్టింది. మంచం మీంచి మా ఆవిడ కంగారుగా, "మెడ కింద చెయ్యి పెట్టండి! మెడ నిలవదు!" అంది. ఆ గొంతు అచ్చంగా వినపడింది. ఆమె పోయిన పదహారు నెలల్లో అంత స్పష్టంగా యెప్పుడూ వినలేదు.

మెడ నిలవని దేవుడు! భూమ్యాకాశాలు చేసినవాడని మేము నమ్మినవాడు మెడ కింద యెవరో చెయ్యి పెడితే తప్ప తల నిలపలేని స్థితిలో, గొడ్ల పళ్ళెంలో పడుకున్నాడు. చెప్పుకోవటానికి మాటల్లేని వయస్సు. ఆకలేస్తే యేడవటం తప్ప దారి లేదు. అంతటి నమ్మకం ఆయన మనుషుల మీద వుంచాడా? ఓ బీద వడ్రంగి మీదా, పురిటి నొప్పులతో అలిసిపోయిన ఓ పడుచు మీదా? నేను ఆయన్ని నమ్మగలనా లేదా అని యేడాది పైగా కుములుతున్నాను. ఆయన ముందుగానే మమ్మల్ని నమ్మి మా చేతుల్లో పడ్డాడన్న సంగతి ఆ పాకలో తెలిసింది. నాకు కళ్ళు చెమర్చాయి. పొగ వల్ల కాబోలు అనుకుని పాలాయన, "బయటికి రాండ్రి సారూ" అన్నాడు.

యింటికి వస్తూంటే పక్కింటి ఆవిడ ధనుర్మాసపు ముగ్గు వేస్తోంది. మనవరాలు ఆగి తన వార్త చెప్పింది. ఆవిడ ముగ్గు బుట్ట పక్కన పెట్టి శ్రద్ధగా విని, "మా కృష్ణుడు చెరసాలలో పుట్టి గొల్లపల్లెలో పెరిగాడు. దేవుళ్ళకి మేడలు పడవు కాబోలు అన్నయ్యగారూ!" అంది. నేను విన్న ప్రసంగాల్లో యింత క్లుప్తంగా చెప్పినవి తక్కువ.

ఆశ్చర్యం పుట్టించాలంటే కథని పెద్దది చేయాలని మనం అనుకుంటాం. యిటలీ దేశంలో ఫ్రాన్సిస్ అనే భక్తుడు సరిగ్గా దీనికి యెదురు పని చేశాడు. 1223వ సంవత్సరంలో, గ్రెచ్చో అనే కొండ వూరిలో, క్రిస్మస్ రాత్రి ఆయన ఒక తొట్టి తెప్పించాడు. గడ్డి తెప్పించాడు. నిజమైన యెద్దునీ, గాడిదనీ తెచ్చి నిలబెట్టాడు. ఆ పసివాడు యెంత యిబ్బందిలో పుట్టాడో కళ్ళారా చూడాలన్నదే ఆయన కోరిక. వూరి జనం దివిటీలు పట్టుకుని కొండ యెక్కి వచ్చారట. యీనాడు మన గుళ్ళలో, యిళ్ళలో కట్టే పశువుల పాకలకి ఆ రాత్రి పేరే చెబుతారు. మనం గడ్డి తగ్గించి దీపాలు పెంచుకుంటూ వచ్చాం.

బేత్లెహేములో, క్రీస్తు పుట్టిన చోటని చెప్పే గుహ మీద కట్టిన పెద్ద గుడి వుంది. దాని ముఖద్వారం యెత్తు నాలుగడుగులు. గుర్రాలూ బళ్ళూ లోపలికి రాకుండా పూర్వం దాన్ని మూసి చిన్నది చేశారంటారు. యిప్పుడు యెంత గొప్పవాడైనా వంగి వెళ్ళవలసిందే. చిన్నపిల్లలు మాత్రం వంగనక్కరలేదు. మా పాలాయన పాకకీ ఆ గుడికీ యీ విషయంలో ఒకే కొలత అన్నమాట.

ఆ సెలవల్లోనే పిల్లల్ని వెంటబెట్టుకుని మెదక్ వెళ్ళాను. యిక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. అక్కడి మహా దేవాలయం మీలో చాలామంది చూసే వుంటారు. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు. గోపురం 170 అడుగులకి పై మాటే. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అంటే 2024 క్రిస్మస్‌తో దానికి నూరేళ్ళు నిండాయి. కట్టడం పదేళ్ళు పట్టింది. అవి మొదటి ప్రపంచ యుద్ధపు రోజులు, వెనువెంట కరువు. వూళ్ళు వదిలి వచ్చిన జనానికి వూరికే ముష్టి వేయకుండా, రాళ్ళు మోసే పని యిచ్చి, కూలీ కింద తిండి పెట్టారు.

అలా మోసినవాళ్ళలో మా ముత్తాత ఒకడు. మా తాతకి అప్పుడు పదేళ్ళట. మొదటి రోజు కూలీ గింజల మూట గుడిసెలో దింపగానే వాళ్ళమ్మ కట్టెల కోసం లేవకుండా ఆ మూట మీదే చెయ్యి వేసి చాలాసేపు కూర్చుందని మా తాత చెప్పేవాడు. మావాళ్ళు ఆ తర్వాతే క్రైస్తవులయ్యారు.

నా చదువు రోజుల్లో ఒకరు నలుగురిలో నన్ను, "అన్నం కోసం మతం పుచ్చుకున్నవాళ్ళు గదా మీరు!" అన్నారు. అన్నదెవరో యిప్పుడు అప్రస్తుతం. ఆ మాట మాత్రం ముల్లులా నలభయ్యేళ్ళు లోపలే వుండిపోయింది. నా నమ్మకానికి పునాది ఒక పూట ఆకలేనా అని అప్పుడప్పుడు సలుపుతూ వుండేది. మా ఆవిడ పోయాక ఆ సలుపు మరీ యెక్కువైంది. ఆకలితో వచ్చిన నమ్మకం గనకే కష్టానికి ఆగలేదేమో అనుకునేవాణ్ణి.

మెదక్ గుడి అరుగు మీద కూర్చుని వుండగా, నాకు యెప్పటినుంచో తెలిసిన సంగతి ఒకటి కొత్తగా మనసులోకి వచ్చింది. హీబ్రూ భాషలో బేత్ అంటే యిల్లు. లెహెమ్ అంటే రొట్టె. బేత్లెహేము అంటే రొట్టె యిల్లు, మన మాటల్లో అన్నం దొరికే యిల్లు. ఆ పేరు గల వూరిలో, మేత పెట్టే తొట్టిలో, పళ్ళెంలో అన్నంలా ఆయన్ని పడుకోబెట్టారు. తాను యెవరి కోసం వచ్చాడో మొదటి రాత్రే అంతకంటె తేటగా యెలా చెబుతాడు? ఆకలిగొన్నవాడు అన్నం కోసం ఆయన దగ్గరికి వస్తే అందులో సిగ్గుపడవలసింది యేముంది? మా ముత్తాత దొడ్డిదారిన రాలేదు. తిన్నగా తొట్టి దగ్గరికే వచ్చాడు. నలభయ్యేళ్ళ ముల్లు అక్కడ వూడింది.

ఆ గుడిలో రంగు అద్దాల కిటికీలు మూడున్నాయి. ఫ్రాంక్ సాలిస్బరీ అనే ఆంగ్ల చిత్రకారుడి రూపకల్పన అవి. ఒక దానిలో క్రీస్తు జననం, ఒక దానిలో సిలువ, ఒక దానిలో ఆరోహణం. మేము వెళ్ళేసరికి పొద్దు బాగా వాలింది. చూస్తూ వుండగానే రంగులు మసకబారి, చివరికి నల్లటి గీతలు మిగిలాయి. మా అమ్మాయి నొచ్చుకుంది. అక్కడ కుర్చీలు సర్దుతున్న పెద్దాయన, "పొద్దు గూకినంక యేం కనపడదమ్మా. అద్దాలు యేడికి పోవు. పొద్దుగాల రాండ్రి" అన్నాడు.

ఆ రాత్రి మెదక్‌లోనే వుండి పొద్దున్నే మళ్ళీ వెళ్ళాము. ఆయన చెప్పింది నిజమే. అద్దాలు యెక్కడికీ పోలేదు. యెండలో తల్లి, ఆమె పక్కన బిడ్డ. మనవరాలు నా చెయ్యి లాగి, "మెడ కింద చెయ్యి పెట్టారా తాతయ్యా?" అని అడిగింది. పాకలో నేను చెప్పిన కథ అది మరిచిపోలేదు.

యింతటితో నా జబ్బు నయమైపోయిందని చెబితే మీరు నమ్మకూడదు. యిప్పటికీ కొన్ని ఆదివారాలు నోటికి చవి తెలియదు. అలాంటప్పుడు అన్నం మాననని మాత్రం నిర్ణయించుకున్నాను. జ్వరం పడినవాడికి వైద్యుడు చెప్పేదీ అదే కదా! చవి పుట్టేదాకా ఆగి తింటానంటే మనిషి నిలవడు. తింటూ వుంటే చవి తనంతట తనే వస్తుంది. ప్రతి యేడూ క్రిస్మస్ ముందు రోజున పాలాయన యింటికి గులాబీ పువ్వులు తీసుకువెళ్తాను. అచ్చు యెవరింట్లో వుందో వెదికి తెచ్చి నేనే వండుతాను. వంకరగా వస్తాయి. వాళ్ళు నవ్వుతూనే తింటారు. తొట్టిలో ఒకసారి చెయ్యి పెట్టి వస్తాను. పండుగ నాడు మా యింట్లో ఒక పళ్ళెం యెక్కువ వేస్తాము. అది యే పూటా ఖాళీగా మిగలలేదు. ఆకలిగొన్నవాళ్ళని వెదకటానికి సికిందరాబాదులో యెక్కువ దూరం నడవనక్కరలేదు.

యీ కథలో నాకు యిప్పుడు అందరికంటె యిష్టమైనవాళ్ళు గొల్లలు. ఆ రాత్రి వాళ్ళు డ్యూటీలో వున్నారు. ఆకాశం తెరుచుకోవటం చూశారు, దేవదూతల పాట విన్నారు, పరుగెత్తి వెళ్ళి బిడ్డని చూశారు. ఆ తర్వాత వాళ్ళు గుడి కట్టలేదు, వూరు వదలలేదు. తిరిగి మంద దగ్గరికి వెళ్ళారని లూకా రాశాడు. వెళ్ళగానే గొర్రెల్ని లెక్క పెట్టుకుని వుంటారని, పద్దులు రాసినవాణ్ణి గనక, నాకు గట్టి నమ్మకం. ఆ తెల్లవారి కూడా చలి అంతే వుండి వుంటుంది. కంబళి చిరుగులు అలాగే వుండి వుంటాయి. మంద మాత్రం యెప్పటి వేళకే మేతకి బయలుదేరి వుంటుంది.